కొండెక్కుతూ గాలిని కొలవడం: రెండు ఫోన్లు, ఒక స్టీలు బాటిల్ ఉంటే చాలు

తిరుమల బస్సు ఘాట్ రోడ్డులో నాలుగు మలుపులు తిరిగేసరికి చెవులు దిబ్బడేస్తాయి. గుటక వేస్తే టప్పుమని విడిపోతాయి, ఇంకో నాలుగు మలుపులకి మళ్ళీ మొదలు. బయట గాలి ఒత్తిడి తగ్గిందని, లోపల ఇరుక్కున్న గాలి బయటికి రావాలని చూస్తోందని చెవి చెబుతోంది, అంతే. ఎంత తగ్గిందో మాత్రం చెవి చెప్పలేదు, ఆ పని ఫోను చేస్తుంది. ఎలా చెయ్యాలో ఇక్కడ రాస్తున్నాను. మొదటిసారి నేను ఒక తప్పు చేశాను, దాన్నీ రాస్తాను, ఎందుకంటే ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఎక్కువగా దాని వల్లే.

ముందు గాలి బరువు సంగతి. గాలికి బరువేముంటుంది అనుకుంటాం. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న మామూలు గదిలో 28 ఘనపు మీటర్ల గాలి పడుతుంది, మన తిరుపతి వేడికి ఘనపు మీటరు గాలి 1.15 కిలోల దాకా తూగుతుంది, అంటే గదిలో ఖాళీగా ఉందనుకున్న చోట 30 కిలోల పైన ఉంది, 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ. ఇది ఒక్క గది గాలే. మీ మిద్దె మీద నుంచి ఆకాశం చివరిదాకా ఉన్న గాలంతా కలిపితే ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు 10 టన్నులు. అన్ని వైపుల నుంచీ సమానంగా నొక్కుతుంది, మన ఒంట్లోంచీ అదే ఒత్తిడి ఎదురు నొక్కుతుంది కాబట్టి మనకి తెలీదు. (ఉక్కపోసిన రోజు గాలి బరువెక్కినట్టు అనిపిస్తుంది కానీ నిజం తిరగబడి ఉంది: నీటి ఆవిరి నైట్రోజన్ కంటే, ఆక్సిజన్ కంటే తేలిక, అందుకే తేమ గాలి పొడి గాలి కంటే తక్కువ తూగుతుంది. బరువు గాలిది కాదు, చెమట ఆరకపోవడం వల్ల వచ్చే మన విసుగుది.)

ఈ బరువుని చిత్తూరు రైతులు సైన్సు పుస్తకం తెరవకుండానే కనిపెట్టారు. పాత దిగుడు బావుల్లో మోటారుని గట్టు మీద పెట్టకుండా బావి లోపల, నీళ్ళకి దగ్గరగా, రాతి అరుగు మీద ఎందుకు పెట్టేవాళ్ళో ఎప్పుడైనా ఆలోచించారా? పైన కూర్చున్న మోటారు నీళ్ళని నిజానికి లాగదు. అది పైపులో గాలిని తీసేస్తుంది, బావి నీళ్ళ మీద కూర్చున్న వాతావరణం ఆ నీళ్ళని పైపులోకి తోస్తుంది. ఆ తోపుడు బలమెంతో అంతే, లెక్క ప్రకారం 10 మీటర్లు, చేతల్లో 20-25 అడుగులు దాటితే మోటారు అరుస్తుంది తప్ప చుక్క రాదు. నీళ్ళు అడుగంటే కొద్దీ మోటారుని కిందికి దించుకుంటూ పోయారు, బావులు ఎండి వెయ్యి అడుగుల బోర్లు వచ్చాక మోటారునే బోరులోకి దించి కింది నుంచి తోయిస్తున్నారు. మదనపల్లె మన కంటే అయిదు వందల మీటర్ల పైన ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఆ 10 మీటర్ల లెక్కలోనే అర మీటరు కోత పడుతుంది.

సరే, ఫోను. గాలి ఒత్తిడి కొలిచే బ్యారోమీటర్ సెన్సార్ అన్ని ఫోన్లలో ఉండదు, కాస్త ఖరీదైన వాటిలో ఎక్కువగా ఉంటుంది. ఉందో లేదో చూడ్డానికి ఫైఫాక్స్ అని ఉచిత యాప్ ఉంది, జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది, దానిలో ప్రెషర్ అన్నది తెరిస్తే సెన్సార్ ఉంటే అంకె కదులుతూ కనిపిస్తుంది, లేకపోతే లేదని చెప్పేస్తుంది. అంకె హెక్టోపాస్కల్‌లో వస్తుంది. పాత మిల్లీబారూ ఇదీ ఒకటే.

ఇక్కడో మోసం ఉంది, చాలామంది ఇక్కడే పడతారు. వెదర్ యాప్‌లో 1008, 1010 అని ఒత్తిడి కనిపిస్తుంది కదా, అది మీ ఫోను కొలిచింది కాదు, ఇంటర్నెట్‌లోంచి వచ్చింది, పైగా ఊళ్ళన్నిటినీ పోల్చడానికి వీలుగా సముద్రమట్టానికి సరిచేసిన అంకె. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల చుట్టుపక్కల ఉంది, ఇక్కడ నిజంగా సెన్సార్ చూపించాల్సింది 990 దగ్గరి అంకె. మీ యాప్ తిరుపతిలో కూర్చుని 1010 అంటుంటే అది వార్తలు చదువుతోందని అర్థం, కొండెక్కినా అదే చదువుతుంది.

సెన్సార్ ఉందని తేలాక మేడ మెట్ల మీద ఒకసారి పరీక్ష పెట్టండి. నేల మీద అంకె చూసుకుని రెండో అంతస్తుకి పోండి. ఆరు మీటర్లకి 0.6, 0.7 తగ్గాలి. మన వేడి గాలిలో ఒక హెక్టోపాస్కల్‌కి తొమ్మిది మీటర్లని గుర్తుపెట్టుకుంటే చాలు. సెన్సార్ ఎంత సున్నితమంటే అద్దాలన్నీ ఎత్తేసిన కారులో తలుపు ధడాలున వేస్తే గీత ఒక్కసారి ఎగిరి పడుతుంది. అన్నట్టు, నీళ్ళు చొరబడని ఫోనైతే పిడికిట్లో గట్టిగా నొక్కి పట్టుకోకండి, లోపలి గాలి నలిగి అంకె పైకి పోతుంది, మీరు మెట్లు దిగుతున్నారనుకుంటుంది పిచ్చిది.

ఇప్పుడు నా తప్పు. మొదటిసారి ఒక్క ఫోనుతోనే పోయాను. పొద్దున పది గంటలకి ఇంట్లో అంకె రాసుకున్నాను, బస్సులో పైకి పోయి, అక్కడ రాసుకుని, సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి సరిచూద్దామని మళ్ళీ అదే బల్ల మీద ఫోను పెట్టాను. పొద్దుటికంటే మూడు పైచిలుకు తక్కువ చూపించింది. లెక్క కడితే మా ఇల్లు 30 మీటర్లు పైకి లేచింది. మా మేనల్లుడు పక్కనే ఉండి "మామా, కొండకి పోయింది నువ్వా, ఇల్లా?" అన్నాడు. సెన్సార్ చెడిపోయిందనుకుని రెండు రోజులు ఫోనుని తిట్టుకున్నాను.

ఫోనుది తప్పు కాదు. సూర్యుడి వేడికి మొత్తం వాతావరణం రోజుకి రెండుసార్లు పొంగి తగ్గుతుంది, సముద్రానికి ఆటుపోట్లున్నట్టే గాలికీ ఉన్నాయి. పొద్దున పది, రాత్రి పది ప్రాంతాల్లో ఒత్తిడి ఎక్కువ, తెల్లవారుజాము నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువ. చలిదేశాల్లో ఇది చిన్నగా ఉండి తుఫాన్ల హడావిడిలో కనపడకుండా పోతుంది, మన వైపు మాత్రం మూడు నాలుగు హెక్టోపాస్కల్ దాకా ఉంటుంది, మామూలు రోజుల్లో గడియారం పెట్టినట్టు వస్తుంది. ఫోనుని రోజంతా కదపకుండా పెట్టి గంటకోసారి అంకె రాస్తే గీత రెండు మూపురాలతో వస్తుంది. కొండ సంగతి పక్కన పెట్టి ఇది ఒక్కటి చేసినా చాలు, నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది. కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మాత్రం ఈ క్రమమంతా పోతుంది, ఒత్తిడి ఇంకా కిందికి జారి ఇల్లు ఇంకా పైకి లేస్తుంది.

దీనికి మందు 1648లోనే కనిపెట్టారు. అంతకు అయిదేళ్ళ ముందు ఇటలీలో టోరిచెల్లి గాజు గొట్టంలో పాదరసం నింపి తిరగేస్తే 76 సెంటీమీటర్ల దగ్గర నిలబడుతుందని, దాన్ని నిలబెట్టేది బయటి గాలి బరువేనని చెప్పాడు. అది నిజమైతే కొండ మీద పాదరసం దిగాలి కదా అని ఫ్రాన్సులో పాస్కల్‌కి ఆలోచన వచ్చింది. ఆయన ఉండేది పారిస్, ఒంట్లో బాగుండదు, అందుకని క్లెర్మాంలో ఉన్న బావగారు పెరియేకి ఉత్తరం రాశాడు. సెప్టెంబర్ 19న పెరియే కొందరిని వెంటబెట్టుకుని గొట్టాలతో పుయ్ ద దోమ్ కొండెక్కాడు, పాదరసం ఎనిమిది సెంటీమీటర్ల పైన దిగింది. ఆ కథలో అసలు తెలివి కొండెక్కడంలో లేదు. అలాంటిదే ఇంకో గొట్టాన్ని కింద మఠంలో ఉంచి, రోజంతా దాన్ని చూస్తూ కూర్చోమని ఒక సన్యాసికి అప్పజెప్పాడు పెరియే. కిందిది కదల్లేదు, పైది దిగింది, కాబట్టి తేడా అంతా కొండదే. నాకు లేకపోయింది ఆ సన్యాసే.

రెండోసారి మా మేనల్లుడిని సన్యాసిని చేశాను. వాడి ఫోనులోనూ సెన్సార్ ఉంది. బయల్దేరే ముందు రెండు ఫోన్లూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి పది నిమిషాలు వదిలేయండి, ఒక్కో సెన్సార్ ఒక్కో రకం, ఒకటి రెండు అంకెల తేడా ఉంటుంది, ఆ తేడా రాసి పెట్టుకుని చివర్లో తీసెయ్యాలి. తర్వాత ఒకటి ఇంట్లో, ఒకటి మీతో. ఇంట్లో వాళ్ళు గంటకోసారి అంకె వాట్సాప్‌లో పెట్టాలి, అంతే పని. వాడు రెండో గంటకే విసుక్కున్నాడు: "మామా, ఫోను కదిలించకుండానే నంబరు మారతానే ఉండాది, ఇదేమన్నా నమ్మే పనేనా?" మారుతున్నందుకే నిన్ను కూర్చోబెట్టానురా అన్నాను.

బస్సు కంటే నడక మేలు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారి దీనికంటే పొట్టి, నిటారు. అలిపిరి దారిని ఎందుకు చెబుతున్నానంటే దాని గీత చూడముచ్చటగా వస్తుంది. మొదట గాలిగోపురం దాకా మోకాళ్ళు వణికే ఎక్కుడు, ఒత్తిడి జరజరా దిగిపోతుంది. గాలిగోపురం దగ్గర ఆగి అంకె రాసుకోండి, పేరుకి తగ్గ పని. ఆ తర్వాత చాలాసేపు దారి దాదాపు చదునుగా, అక్కడక్కడ కొంచెం దిగుతూ కూడా పోతుంది, గీత పడుకుంటుంది. మోకాళ్ళ మెట్టు దగ్గర మళ్ళీ ఒక్కసారి పడుతుంది. ఇంటికొచ్చి ఆ గీత చూసుకుంటే ఎక్కడ ఆగి మజ్జిగ తాగామో కూడా పోల్చుకోవచ్చు. సెన్సార్ ఎండలో వేడెక్కితే అంకె తేడా వస్తుంది కాబట్టి ఫోను సంచిలో పెట్టుకోండి, రాసుకునేటప్పుడు నీడలో రెండు నిమిషాలు ఆగండి. దర్శనం లైన్లోకి ఫోను రానివ్వరు, కొలతలు ముందే ముగించుకుని డిపాజిట్ చెయ్యండి.

రెండు ఫోన్ల తేడా తీసేశాక లెక్క ఇలా. పైన పది గంటలకి నా ఫోను 915 చూపింది. అదే పది గంటలకి కింద ఇంట్లో 991. తేడా 76, రెండిటి సగటు 953. కింద వేడి 30 డిగ్రీలు, పైన 24, సగటు 27, దాన్ని కెల్విన్‌లోకి మార్చడానికి 273 కలిపితే 300. ఇప్పుడు 29.3ని (ఇది గాలికి ఎప్పుడూ వాడే స్థిరాంకం) 300తో గుణిస్తే 8,790. దాన్ని తేడా 76తో గుణించి, సగటు 953తో భాగిస్తే 701 మీటర్లు. గుడి దగ్గర ఎత్తు సముద్రమట్టం నుంచి సుమారు 850 మీటర్లంటారు, మా ఇంటి 160 తీసేస్తే 690, పది పదిహేను మీటర్ల అటూఇటూలో దొరికింది. ఆరు గంటలకి బయల్దేరేటప్పుడు ఇంట్లో 989 ఉంది. ఒక్క ఫోనునే నమ్ముకుని ఆ అంకెతో లెక్క కట్టి ఉంటే 683 వచ్చేది. ఈసారి తప్పు లెక్కే 690కి దగ్గరగా వచ్చిందని మా వాడు ఎగతాళి చేశాడు. గుడ్డిగా తగలడం వేరు, 850 అన్నదే ఉజ్జాయింపు అయినప్పుడు దానితో పోటీ పెట్టుకోకూడదు. మధ్యాహ్నం పోతే అదే ఒక్క ఫోను తప్పు ఇటు కాకుండా అటు పడుతుంది, రెండు ఫోన్ల లెక్క ఎప్పుడు పోయినా అక్కడే నిలుస్తుంది.

ఈ లెక్కలో ఉష్ణోగ్రత ఎందుకొచ్చిందంటే, వేడి గాలి పలచన, అందుకే దానిలో అదే ఒత్తిడి తగ్గడానికి ఎక్కువ ఎత్తు పోవాలి.

ఫోన్లలో సెన్సార్ లేదనుకోండి, స్టీలు బాటిల్ పట్టుకుపోండి, మూతకి మంచి రబ్బరు వాషర్ ఉన్నది. ఖాళీ బాటిల్‌ని తిరుపతిలో బిగించి, తిరుమలలో చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పితే ఉస్‌మని గాలి బయటికొస్తుంది. లోపల తిరుపతి గాలి ఉంది మరి. ప్లాస్టిక్ బాటిల్‌తో ఇంకా బాగా కనపడుతుంది కానీ కొండ మీదికి ప్లాస్టిక్ తేకూడదు, దాన్ని హార్స్లీ హిల్స్‌కి దాచుకోండి. అది దాదాపు 4,100 అడుగులు, అక్కడ లీటరు బాటిల్‌ని ఖాళీగా బిగించి సంచిలో పడేసి తిరుపతికి వస్తే సొట్టలు పడి ఉంటుంది, ఎవరో గట్టిగా పీల్చి మూత పెట్టినట్టు. పదో వంతు నలుగుతుంది. పైకి పోయేటప్పుడు చిప్స్ పాకెట్ ఉబ్బేది కూడా ఇదే లెక్క. హార్స్లీ హిల్స్‌లో పొయ్యి దొరికితే, వంటింటి డిజిటల్ థర్మామీటర్ ఉంటే నీళ్ళు మరిగించి చూడండి, 96 దగ్గరే తెర్లిపోతాయి, ఎంత మంట పెట్టినా 100కి పోవు. పైనుంచి నొక్కే గాలి తగ్గింది కాబట్టి ఆవిరికి దారి తొందరగా దొరుకుతుంది. అక్కడ పప్పు ఉడకడం లేదని కట్టెల్ని తిట్టకండి, కుక్కర్ పెట్టండి.

మెట్లెక్కి ఆయాసపడుతూ "పైన ఆక్సిజన్ తక్కువ కదా" అనేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. గాలిలో ఆక్సిజన్ పాలు అలిపిరిలో 21 శాతమే, తిరుమలలో 21 శాతమే, ఎవరెస్టు మీద కూడా 21 శాతమే. నైట్రోజన్ 78, మిగతా ఒక శాతంలో ఎక్కువ ఆర్గాన్. గాలి సుడులు తిరుగుతూ కలుస్తూనే ఉంటుంది కాబట్టి 80 కిలోమీటర్ల పైదాకా ఈ పాళ్ళు మారవు. మారేది చిక్కదనం, పాలల్లో నీళ్ళు కలిపినట్టు కూడా కాదు, పాలే తక్కువ పోసినట్టు. తిరుమలలో ఒక ఊపిరికి కింది కంటే ఎనిమిది శాతం లోపు తక్కువ వస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే. మీ ఆయాసం 3,550 మెట్లది. గుండె జబ్బో, ఉబ్బసమో ఉన్నవాళ్ళు మాత్రం నా మాట కాదు, డాక్టర్ మాట వినండి.

పైన చల్లగా ఎందుకుంటుందని అడిగితే చెట్లు అంటారు కొందరు. చెట్లదీ కొంత ఉంది, కానీ అసలు సంగతి గాలి ఎండకి నేరుగా పెద్దగా వేడెక్కదు, నేల వేడెక్కి దాన్ని వేడి చేస్తుంది, ఆ గాలి పైకి లేచి, ఒత్తిడి తగ్గేసరికి వ్యాకోచించి, ఆ పనికి తన వేడినే ఖర్చుపెట్టుకుని చల్లబడుతుంది. సైకిల్ ట్యూబు పిన్ను నొక్కితే వచ్చే గాలి వేలికి చల్లగా తగులుతుంది కదా, అదే. (పెదాలు ముడిచి ఉఫ్ అని ఊదితే చల్లగా ఉండేది దీనివల్లేనని స్కూల్లో చెబుతుంటారు, కాదు, ఆ ఊదుడు దారిలో బయటి గాలిని కూడా లాక్కొస్తుంది, అందుకు.) మబ్బు పట్టని గాలి వంద మీటర్లు లేస్తే ఒక డిగ్రీ తగ్గుతుంది. మామూలుగా సగటు తీస్తే కిలోమీటరుకి 6.5 డిగ్రీలు.

దీనితో చలికాలంలో, వానాకాలంలో పనికొచ్చే చిట్కా ఒకటి ఉంది. వెదర్ యాప్‌లో తిరుపతి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (ఎంత చల్లబడితే గాలిలోని ఆవిరి నీళ్ళుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత) చూడండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి 125తో గుణించండి, మబ్బు అడుగుభాగం మీకెన్ని మీటర్ల పైనుందో సుమారుగా వస్తుంది. వేడి 26, డ్యూ పాయింట్ 21 అయితే 625. కొండ మనకి 700 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే తిరుమల మబ్బులో ఉండే అవకాశం బాగా ఉంది, స్వెట్టరు పెట్టుకోండి, బండి లైట్లు సరిచూసుకోండి. గాలి కింది నుంచి పైదాకా బాగా కలిసిన పగటి పూట ఇది బాగా పలుకుతుంది, తెల్లవారుజామున అంతగా పలకదు.

కొండ మీదికి వచ్చాక ఇంకా పైన ఏముందనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. 700 మీటర్లకి 76 తగ్గింది కదా, అదే లెక్కన పోతే తొమ్మిది కిలోమీటర్లకి గాలి అయిపోవాలి. అయిపోదు. దూది పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగుది అప్పచ్చిలా నలుగుతుంది, పైకి పోయేకొద్దీ వదులుగా ఉంటాయి, గాలీ అంతే, అందుకే పైకి పోతుంటే తగ్గడం కూడా నెమ్మదిస్తుంది. 5.5 కిలోమీటర్ల దగ్గర సగం, ఎవరెస్టు కొన మీద మూడో వంతు, 16 దగ్గర పదో వంతు, 30 దగ్గర వందో వంతు. మబ్బులూ వానలూ ఉండే కింది అంతస్తు, ట్రోపోస్పియర్, మన నెత్తిన 16-17 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ధ్రువాల దగ్గర అందులో సగమే. దాని కప్పు దగ్గర మైనస్ 80 డిగ్రీలు. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద 43 డిగ్రీల్లో నిలబడ్డప్పుడు నిటారుగా పైకి చూసి ఈ మాట తలుచుకుంటాను. ఆ పైన స్ట్రాటోస్పియర్, అక్కడ ఓజోన్ ఎండని మింగి వేడెక్కుతుంది కాబట్టి పైకి పోయేకొద్దీ మళ్ళీ వేడి పెరుగుతుంది, 50 కిలోమీటర్ల దాకా. తర్వాత మెసోస్పియర్, మళ్ళీ చలి. 100 కిలోమీటర్లకి అంతరిక్షం అంటారు.

ఇదంతా ఎవరు కొలుస్తారు అంటే, మన పక్కనే. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధనా సంస్థ ఉంది, పొలాల మధ్య 1,024 యాంటెన్నాలు వరసగా నిలబెట్టిన రాడార్, 53 మెగాహెర్ట్జ్ తరంగాల్ని ఆకాశంలోకి పంపి, గాలి సుడుల్లోంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని బట్టి ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో చెబుతుంది. పాస్కల్ బావగారు గొట్టం మోసుకుని ఎక్కాల్సి వచ్చింది, వీళ్ళు కదలకుండా కింద కూర్చునే చూస్తారు.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త. చెవులు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే చెవి లోపలి గొట్టం గాలిని బయటికి సులువుగా వదులుతుంది కానీ లోపలికి తేలిగ్గా రానివ్వదు. జలుబుంటే ఇంకా కష్టం. చంటిపిల్లలు బస్సులో గుక్కపెట్టి ఏడ్చేది చాలాసార్లు ఇందుకే, మలుపులు మొదలయ్యాక పాలు పట్టండి, గుటక పడితే తెరుచుకుంటుంది. పెద్దవాళ్ళకి చాక్లెట్టో, బఠాణీలో చాలు, ముక్కు మూసుకుని బలంగా ఊదకండి. ఇంటికి రాగానే రెండు ఫోన్లూ మళ్ళీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి, పొద్దున రాసుకున్న తేడానే ఇప్పుడూ ఉంటే మీ 700 సరైందే.